తిరగబోయి ఆగిన మొహం

ఆ బొమ్మలు నా ఫోన్‌కి వచ్చినప్పుడు నేను మడివాళ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న క్యాబ్‌లో ఉన్నాను. పంపింది నా స్కూలు స్నేహితుడు. స్నేహితుడు అనడం కూడా కాస్త ఎక్కువేనేమో. కాటన్‌పేటలో ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ తర్వాత పెళ్ళిళ్ళలోనో చావుల్లోనో తప్ప కలిసింది లేదు. వాడికి అక్కడే జిప్పులు, బొత్తాల హోల్‌సేల్ అంగడి ఉంది, వాళ్ళ తాత పెట్టింది. ఫొటోల కింద వాడి గొంతు కూడా ఉంది.

"ఏమప్పా, బాగుండావా? మా పాప గీసిండే బొమ్మలు ఇవి. పీయూసీ అయిపోయె, ఇంక డిగ్రీలో చేర్పించాల. యానిమేషన్ చదువుతానంటాది. వాళ్ళమ్మ బీకామ్ అంటాది. నాకేం తెలుస్తాది చెప్పు? నువ్వు ఆ లైన్లోనే ఉండావు కదా. నువ్వు చేర్పించంటే చేర్పిస్తా, వద్దంటే వద్దు. నీ మాటే ఫైనల్. స్వల్ప చూసి చెప్పప్పా."

చూశాను. అన్నీ ఒకే ఆడపిల్ల మొహం. పెద్ద కళ్ళు, ఉందా లేదా అన్నంత చిన్న ముక్కు, చెంప మీదికి జారిన జుట్టు. యానిమే అనే జపాన్ కార్టూన్లు చూసి పెరిగిన పిల్లలందరూ గీసే మొహమే. బొటనవేలితో ఒక్కొక్కటీ పక్కకి తోసుకుంటూ పోయాను. మళ్ళీ అదే మొహం, మళ్ళీ అదే. కొన్నిట్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడాయే కనిపించలేదు. క్యాబ్ ఆగర దాటకముందే జవాబు మాట్లాడి పంపేశాను.

"చెయ్యి పర్వాలే రా. కానీ ఇదంతా కాపీ. ఒకే మొహం మళ్ళా మళ్ళా గీసింది, కొత్తది ఏమీ లే. ఈ యానిమే పిచ్చి రెండేండ్లలో దిగిపోతాది. ఈ ఫీల్డు కూడా అయిపోయింది. బీకామ్‌లో చేర్పించు, హాయిగా ఉంటాది."

వాడు రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు. అంతటితో ఆ సంగతి నాకు ముగిసింది.

ఆ రోజుల్లో మా యానిమేషన్ స్టూడియోలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మేం చేసేది బయటి దేశాల సీరియళ్ళ పని. అక్కడెవరో చెయ్యి కిందికి ఉన్న బొమ్మ ఒకటి, పైకి లేచిన బొమ్మ ఒకటి గీసి పంపుతారు. ఆ రెండిటి మధ్యా చెయ్యి ఎలా లేచిందో గీసేది మేం. బతుకులో ఎక్కువ భాగం నేను చేసింది అదే. మొదలూ నాది కాదు, చివరా నాది కాదు. ఇప్పుడు ఆ మధ్య బొమ్మల్ని కంప్యూటరే పూడుస్తోంది. అది వేళ్ళు ఎక్కువ వేసినచోట వేళ్ళు తీసెయ్యడం, భుజం కరిగిపోయినచోట భుజం పెట్టడం నా పని. సాయంత్రం సర్జాపుర రోడ్డులోని ఫ్లాటుకి చేరేసరికి కళ్ళు మూసుకున్నా తెర వెలుగు పోయేది కాదు. అలాంటి మనిషిని ఒక పిల్ల భవిష్యత్తు గురించి అడిగితే తన అలసటనే సలహాగా ఇస్తాడు. నేనిచ్చింది అదే. నేను దిగలేకపోతున్న బండిలోకి ఇంకొకరు ఉత్సాహంగా ఎక్కబోతుంటే నాకు కంటగింపుగా ఉంది. ఆ మాట అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు.

యానిమే గురించి మాట్లాడే అర్హత నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళాలి. మా ఇంట్లో కేబుల్ లేదు. కేబుల్ వస్తే చదువు పోతుందని మా నాన్న నమ్మకం. వాడింట్లో ఉంది. సాయంత్రాలు జపాన్ కార్టూన్లు హిందీలో వచ్చేవట. హిందీ వాడికీ రాదు, నాకూ రాదు. అయినా మర్నాడు ప్రేయర్ బెల్లు కొట్టేలోపు కాంపౌండు గోడ మీద కూర్చుని వాడు కథంతా చెప్పేవాడు. అన్ని గొంతులూ వాడివే. కత్తి దూసే చప్పుడు కూడా నోటితోనే.

"అప్పుడు వాడు కత్తి తీసి ఏమన్నెనో తెలుసునా? మా అమ్మ మీద ఒట్టు, ఈ పొద్దు నిన్ను వదిలేది లేదురా నా కొడకా, అన్నె."

"జపాన్ వాడు అట్లంటాడా?"

"కేబులు మీ ఇంట్లో ఉండాదా, మా ఇంట్లో ఉండాదా?"

 వాడు చెబుతుంటే నేను గీసేవాణ్ణి. క్లాసంతా నా చుట్టూ మూగేది. బొమ్మలు గీసేవాడన్న పేరు నాకు వచ్చింది. కథ చెప్పినవాడి పేరు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పెద్దయ్యాక కాలేజీల్లో పిల్లలతో మాట్లాడమని పిలిచినప్పుడల్లా "చిన్నప్పుడు యానిమే చూసే నేను ఈ దారికి వచ్చాను" అని మొదలుపెట్టేవాణ్ణి. చూసింది ఎక్కడ? విన్నాను. అదీ కాటన్‌పేట తెలుగులో విన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత ఆ కత్తి సీరియల్‌ని మాటలు అర్థమయ్యేలా చూశాను. వాడు చెప్పిన ఒట్లూ తిట్లూ ఎక్కడా లేవు. కత్తి పట్టుకున్నవాడు ఏమీ మాట్లాడడు. ఊరికే నిలబడతాడు. గడ్డి కదులుతుంది, జుట్టు కొస కదులుతుంది. అంతే. ఆ మౌనం నిండా మాటలు పోసింది మావాడే.

నేను చదువుకున్న చోట కదలికే సర్వస్వం అని నేర్పారు. బొమ్మ కదలకపోతే అది సోమరితనం. నేనూ అదే పాట పాడాను. యానిమేలో మొహాన్ని అలాగే ఉంచేసి నోరు మాత్రం ఆడిస్తారు, అదీ ఒక పనేనా అని ఎగతాళి చేసేవాణ్ణి. స్టూడియోలో కొన్నాళ్ళు చెమటోడ్చాక తెలిసింది, బొమ్మను కదిలించడం కంటే ఆపడం కష్టమని. ఆగిన బొమ్మ చచ్చిపోయినట్టు ఉండకూడదు, ఏదో దాచుకున్నట్టు ఉండాలి. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు తక్కువ చేతి పనితో ఎక్కువ చెప్పగలరు. జపాన్‌లో ఈ పని చేసేవాళ్ళ నడుములు కూడా మా నడుముల్లాగే విరుగుతాయని తెలిశాక వాళ్ళ మీద కలిగిన గౌరవంలో కొంచెం జాలి కూడా కలిసింది.

అయితే ఈ జ్ఞానాన్ని నేను వినయానికి వాడుకోలేదు. మా స్టూడియోలో కొత్తగా చేరిన పిల్లలు యానిమే స్టిక్కర్లు అంటించుకుని తిరుగుతుంటే, "మీరంతా కళ్ళు కాపీ కొడతారు, ఆగడం ఎవడూ కాపీ కొట్టడు" అనేవాణ్ణి. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. క్యాంటీన్‌లో ఎన్నిసార్లు అన్నానో. వాక్యం బాగా కుదిరితే మనిషి ఇక చూడడం మానేస్తాడని ఇప్పుడు అనిపిస్తుంది.

వానలు తగ్గాక ఒక శనివారం మధ్యాహ్నం కాటన్‌పేట వెళ్ళాను. మా అమ్మ పరుపులో దూది గడ్డలు కట్టింది, కొత్తది కుట్టించాలి. దారిలోనే వాడి అంగడి. వాడే పిలిచాడు.

"ఓహో, ఆర్టిస్టు సార్! రాప్పా, మా రోడ్డు మరిచిపోతివనుకుంటి. కూర్చో. బై టూ కాఫీ చెప్తా, ఇద్దరికీ సగం సగం."

స్టూలు మీద కూర్చున్నాను. వాడు ఒక దర్జీకి బొత్తాలు పొట్లం కడుతున్నాడు. పల్చటి తెల్ల కాగితం. మడత పడుతున్న ఆ కాగితం మీద ఒక పెద్ద కన్ను నన్ను చూసింది.

"అదేంది?" అన్నాను.

"అదా? పాప గీసిండేవే. పారేయమనింది. బొత్తాల డబ్బాల్లో వచ్చే పేపరు, గట్టిగా ఉంటాది. సుమ్నే, ఊరికే ఎందుకు పారేసేదని వాడుకుంటా ఉండాను." దర్జీ పొట్లం పట్టుకుని వెళ్ళిపోయాడు. "నువ్వు వాయిస్ పంపినావు కదప్పా, ఆ రోజు నుంచి పెన్సిల్ ముట్టలే. ఒక గలాటా లే, ఏడుపు లే. బీకామ్ అంటే సరే అనింది. నీ మాటకు అంత విలువ ఉండాది చూడు!"

పొగడ్తగానే అన్నాడు. కౌంటర్ మీద ఇంకా కొన్ని కాగితాలు మిగిలి ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. మూలన చిన్న చిన్న వరస అంకెలు ఉన్నాయి. ఫొటోల్లోనూ ఉన్నాయి, తర్వాత వెతికి చూసుకున్నాను. యానిమేషన్ చేసేవాడు ఏ కాగితం మీదైనా మొదట చూడాల్సింది ఆ అంకెల్నే. వరస కలిపి, అంచులు సమం చేసి, వేళ్ళ మధ్య పెట్టి చకచకా వదిలాను. తెర మీద పనికి అలవాటుపడ్డాక ఆ పని చేసి ఎన్నేళ్ళయిందో.

కాగితాల మీది పిల్ల కదిలింది.

వెనక నుంచి ఎవరో పిలిచినట్టున్నారు. కనురెప్ప ముందు కదిలింది. తర్వాత గడ్డం తిరగబోయింది. జుట్టు ఒక క్షణం ఆలస్యంగా వెంట వచ్చింది. అంతలో ఆగిపోయింది. తిరగలేదు. తిరగకూడదని అనుకుంది. అక్కడ వాడి కూతురు ఒకే మొహాన్ని మళ్ళీ మళ్ళీ గీసింది. గీసినదాన్నే మళ్ళీ గీస్తే గీత సన్నగా వణుకుతుంది. కదలని మొహంలో ఊపిరి ఆడుతున్నట్టు ఉంది. కొత్తది ఏమీ లేదని నేను చెప్పింది సరిగ్గా ఆ కాగితాల గురించి. మధ్యలో కొన్ని లేవు. అవి బొత్తాలతో పాటు ఎవరెవరి ఇళ్ళకో పోయాయి.

"దీనికి లైట్ బాక్స్ కావాలి కదా, ఒక బొమ్మ మీద ఇంకోటి పెట్టి గీసేదానికి. ఎక్కడిది?" అని అడిగాను.

"ఈ కౌంటరే." వాడు అద్దం మీద తట్టాడు. కింద బొత్తాలు కనిపించడానికి ట్యూబ్‌లైటు వెలుగుతోంది. "అంగడి మూసేటప్పుడు దీని మీద పేపర్లు పరిచేది. వాళ్ళమ్మ అరిచేది."

ఆ అమ్మాయి లోపల జిప్పుల కట్టలు లెక్క పెడుతోంది. వాడు పిలిస్తే వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇవి నేను తప్పుగా చూశాను," అన్నాను. "వరస చూడలేదు. విడివిడి బొమ్మలు అనుకున్నాను. ఇది చాలా మంచి పని."

ఆమె కాగితాల వంక చూసింది, నా వంక చూడలేదు. "ఇప్పుడు చెప్పడం ఈజీ అంకుల్. మీ వాయిస్ నాన్న అందరి ముందర పెట్టినాడు. అత్త వాళ్ళు, మామ వాళ్ళు, అందరూ విన్నారు. కాపీ కాపీ అని మా కజిన్స్ ఇప్పటికీ ఏడిపిస్తా ఉండారు."

"అయితే ఇప్పుడు చెప్పేది కూడా అందరూ వినాల," అన్నాను వాడితో. "ఫోన్ తియ్యి. రికార్డ్ చెయ్యి."

వాడు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఫోన్ తీశాడు. వాడి భార్య లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సరుకు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు బేరం ఆపారు. బొమ్మలు సరిగ్గా చూడకుండానే మాట్లాడానని, ఆ పిల్ల చేసింది కాపీ కాదని, ఆ వయసులో నాకు ఇందులో సగం కూడా తెలియదని చెప్పాను. నా గొంతు నాకే పేలవంగా వినిపించింది.

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మొన్న వద్దంటివి, ఇప్పుడు చేర్పించు అంటావు. ఏది ఫైనలప్పా?"

"బొమ్మలు బాగుండాయి, అది ఫైనల్. ఫీల్డు బాగాలే, అదీ నిజమే. నాకు పని ఎన్నాళ్ళు ఉంటాదో నాకే తెలీదు. రెండూ చెప్తా ఉండా. ఆ రోజు రెండోది చెప్పేదానికి మొదటిది అబద్ధం చేసేస్తి."

"అన్నా, అంత బాగాలేని దాంట్లోకి ఆడపిల్లని ఎట్ల పంపేది?" అంది వాడి భార్య. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.  తెలీదనే చెప్పాను.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. ఏదో ఒకటి ఇచ్చి బయటపడాలనిపించి, "మధ్యలో పోయిన బొమ్మలు నేను గీసిస్తానమ్మా, నా పనే అది. యానిమేషన్ కోర్సు ఎంట్రన్స్‌కి ఇది పెట్టుకోవచ్చు," అన్నాను.

"వద్దంకుల్," అంది. నా చేతిలోంచి కాగితాలు తీసుకుని ఒక్కొక్క అంకె చూస్తూ ఏవి లేవో వెతుక్కుంది. "ఆ మధ్యలోవే కష్టంగా వచ్చినాయి. మీరు గీస్తే ఆ బొమ్మ తిరిగేస్తుంది."

 తిప్పడం నాకు అలవాటు. ఇక్కడి నుంచి అక్కడికి చేర్చడమే నేను నేర్చుకున్న పని.

వాడు భార్య వైపు చూశాడు.  "ఎంట్రన్స్ పరీక్ష రాస్తావా?" అని కూతుర్ని అడిగాడు.

"తెలీదు," అంది ఆమె. కాగితాలు మాత్రం లోపలికి తీసుకుపోయింది.

"చూడప్పా," వాడు నెమ్మదిగా అన్నాడు, "ఇంక నేను మధ్యలో రాను. నువ్వూ రావద్దు. పాపనే చెప్పనీ." కాఫీ వచ్చింది. ఇద్దరం తాగాం. వాడు కొత్త కాగితాల కట్ట ఒకటి విప్పి, పొట్లాలకు కొన్ని తీసి, మిగతావి కౌంటర్ కింద విడిగా పెట్టాడు.

ఆమె పరీక్ష రాసిందని తర్వాత వాడే ఫోన్ చేసి చెప్పాడు. ఫలితం ఇంకా రాలేదు. ఇంట్లో బీకామ్ మాట పూర్తిగా పోలేదు. పోయిన బొమ్మలన్నీ మళ్ళీ గీసిందట.

"ఎట్ల వచ్చినాయి?" అన్నాను.

"నాకేం తెలుస్తాదప్పా. బాగుండాయి."

చూస్తావా అని వాడు అడగలేదు. చూపించమని నేనూ అడగలేదు.