పెద్దమ్మ స్టీలు గ్లాసులు

సిరిసిల్లలో మా గల్లీలో ఎవరింట్లో పెళ్లయినా, పురుడైనా ప్లేట్లు, గ్లాసులు పెద్దమ్మ ఇంటినుంచే వచ్చేవి. ఆమెను గల్లీ అంతా పెద్దమ్మ అనేది. మరమగ్గాలకు కండెలు చుట్టి బతికిన మనిషి. వేములవాడ జాతరకు పోయినా గాజులు కొనుక్కునేది కాదు, స్టీలు గ్లాసులు మోసుకొచ్చేది. కిరాయి అడగదు. తిరిగొచ్చిన ప్రతి గ్లాసునూ గోటితో టంగుమనిపించి, కొంగుతో తుడిచి లోపల పెట్టేది.

"తోమకుండ తెచ్చినా ఏమనను బిడ్డా, నేనే తోముకుంట. గా ప్లాస్టికు తెచ్చి మోరీల ఎయ్యకుండ్రి. వానొస్తే గా నీళ్లు మన ఇండ్లల్లకే అస్తయ్," అనేది.

గల్లీ ఆమె మాట సగం విన్నది. తోమకుండానే తెచ్చిచ్చేవాళ్లు.

మొన్న ఎండాకాలం ఆమె పోయింది. దినాల నాడు భోజనాలు ప్లాస్టిక్ ప్లేట్లలో పెట్టారు. పెద్దమ్మ ప్లేట్లు లోపలి అర్రలోనే ఉన్నాయి కదా అని అడిగాను. పిల్లల పెళ్లిళ్లన్నీ ఆ ప్లేట్లతోనే గట్టెక్కించుకున్న పక్కింటామె నన్ను వింతగా చూసింది.

"సచ్చినామె బాసండ్లు ఎవరు ముడ్తరక్కా? అయినా గిప్పుడు తోమెటోళ్లెవరు?"

రెండోదే అసలు మాట.

తిన్నాక పక్కింటామె తన ప్లేటు మడిచి ఇంటి ముందు మురుగు పారే మోరీలోకి విసిరింది. దండ వేసిన ఫొటో దిక్కు చూసి కళ్లొత్తుకుంది.

"గసొంటి మనిషి మళ్ల పుట్టదు," అంది.

విసిరిన ప్లేటు నీళ్లను తాకలేదు. మోరీ అప్పటికే ప్లేట్లతో నిండిపోయింది.