మునసబు చాకు మీద కిరీటం

ఆ రోజుల్లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని ఇంగ్లండు సీమ సరుకు రావడం ఆగిపోయిన రోజుల్లో, మా తిరుపతిలో ఒక మనిషి ఎంత పెద్దవాడో తెలుసుకోవాలంటే అతని జేబులోంచి బయటికొచ్చే చాకును చూస్తే చాలు. అంతకు ముందు పెన్సిలు చెక్కుకోవడానికీ, వక్కలు కోసుకోవడానికీ తప్ప ఎందుకూ కొరగాని మడత చాకు, కొత్తవి దొరకకపోయేసరికి ఒక్కసారిగా వంశచరిత్ర అయి కూర్చుంది. నలుగురు పెద్దమనుషులు కలిశారంటే ముందు పొడుం డబ్బీలు, తర్వాత చాకులు బయటపడేవి. ఎవరి చాకు ముసలిదైతే వాళ్ళ వంశం అంత గొప్పది. తుప్పు ఎంత పడితే పరువు అంత పెరిగేదన్నమాట. (మా వీధిలో ఒకాయన ఎక్కడో సంపాదించిన కొత్త చాకును ఉప్పునీళ్ళలో నానబెట్టాడని చెప్పుకునేవారు. నేను కళ్ళారా చూడలేదు గానీ, ఆయన చాకు మాత్రం నెల తిరక్కుండానే వృద్ధాప్యంలో పడింది.)

ఎస్సెల్సీ తప్పి చిత్తూరులో మా నాయన కళ్ళెదుట తిరగలేక, తిరుపతిలో మా మామ నడిపే తాళాలు, కత్తెర్ల అంగట్లో నేను చేరింది అప్పుడే. మద్రాసు నుంచి సరుకు తెచ్చే ఏజెంటు ఒకాయన, సరుకు లేని కాలం గనక తీరుబడిగా కూర్చుని, చాకుల వయసు కట్టే విద్య నాకు నేర్పాడు. చాకు తెరిచి, అలుగు పిడిలోకి దిగే చోట వెలుతురుకు పెట్టి చూస్తే, చేసినవాడు కొట్టిన అచ్చు చీమంత అక్షరాల్లో కనిపిస్తుంది. కిరీటం, దానికి అటూ ఇటూ వి, ఆర్ అని ఉంటే విక్టోరియా రాణి కాలంది. జి, ఆర్ అని ఉంటే ఎవరో ఒక జార్జి కాలంది. దేశం పేరు లేకుంటే బాగా పాతది, ఇంగ్లండ్ అని ఉంటే తర్వాతది, మేడిన్ ఇంగ్లండ్ అని ఉంటే ఇంకా తర్వాతది. ఇంతే విద్య. దీంతోనే బజారులో నాకు పండితుడన్న పేరొచ్చింది. లెక్కల్లో ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవాడి చేత ఊళ్ళో పెద్దలందరూ తమ తాతల కాలాన్ని లెక్క కట్టించుకున్నారు.

అట్లా వచ్చినవాడే పుత్తూరు దగ్గరి పల్లె మునసబు. వయసు నలభై లోపే గానీ మీసాలు అరవై ఏళ్ళవి. పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సు దిగి, మసి తుడుచుకుంటూ అంగట్లోకొచ్చి, పట్టుగుడ్డలో చుట్టిన చాకును బల్ల మీద పెట్టాడు.

"మా ముత్తాతకు కుంఫిణీ దొర ఇచ్చిందప్పా ఇది. దొర మీదికి సిరతపులి దూకతా ఉంటే మా ముత్తాత అడ్డం బడి సంపినాడు. నీకేదో సదివే ఇద్దె ఉండాదంట గదా, సూసి సెప్పు."

నేను చాకు తెరిచి వెలుతురుకు పెట్టాను. మురికి కింద కిరీటం, జి, ఆర్. "జార్జి కాలందండీ," అన్నాను.

"ఏ జార్జి?"

"మూడో జార్జి కావొచ్చు, అయిదో జార్జి కావొచ్చు. అందరికీ అదే అచ్చు."

"ఇద్దరికీ ఎంత దూరం?"

"సుమారు నూరేళ్ళు."

మునసబు ఒక్క క్షణం మీసం దువ్వుకుని, "అట్లయితే మూడో ఆయన్నే పెట్టుకుందాం," అన్నాడు, సంతలో ఎద్దును ఎంచుకున్నంత తేలిగ్గా.

నేను పాండిత్యం ఎక్కువై, కిరసనాయిలు గుడ్డతో అలుగు రెండో పక్క కూడా తుడిచాను. అక్కడ 'మేడిన్ ఇంగ్లండ్' అని తళతళలాడింది. నోరు తెరవబోయేంతలో మా మామ పక్క నుంచి వచ్చి ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టేశాడు. మునసబు తమలపాకు ఉమ్మి రావడానికి వీధిలోకి వెళ్ళగానే, "రెండు పక్కలా సదవమని నిన్నెవురడిగినార్రా?" అన్నాడు. తర్వాత దీపం మసిని ఆముదంలో కలిపి, పసిబిడ్డకు కాటుక పెట్టినంత ప్రేమగా ఆ పక్కంతా తనే పూశాడు.

అంతటితో ఆగితే బాగుండేది. కలెక్టరు దొర చంద్రగిరిలో మకాం వేస్తున్నాడనీ, ఆయనకు ఈ చాకు చూపించి పులి కథ చెబితే తనకు రావు సాహెబు బిరుదు తప్పదనీ మునసబు నమ్మకం. చాకు వయసుకు సాక్షిగా నన్ను వెంట రమ్మన్నాడు. మా మామ తన పెళ్ళినాటి కోటు నాకు తొడిగాడు. అది నన్ను చలి నుంచి కాపాడకపోయినా ఇంగ్లీషు రానివాడినన్న సంగతి కొంతసేపు దాచింది.

దొర మకాం ముందు మామిడి చెట్ల కింద చాలాసేపు నిలబడ్డాక పిలుపొచ్చింది. దొర సన్నగా, పొడుగ్గా, అప్పుడే నిద్రలేచినట్టున్నాడు. గుమాస్తా పులి కథను ఇంగ్లీషులోకి మారుస్తున్నంతసేపూ తల ఊపుతూ విన్నాడు. (గుమాస్తా చేతిలో పులులు రెండయ్యాయి. మునసబు అభ్యంతరం చెప్పలేదు.) తర్వాత దొర చాకు తీసుకుని, తెరిచి, పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టాడు. వేళ్ళకు మసి అంటింది. జేబురుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు, ఆపైన అలుగును తుడిచాడు, ఒక పక్కా, రెండో పక్కా. మా మామ కాటుకంతా ఆ తెల్ల రుమాలుకు వెళ్ళిపోయింది.

దొర చదివాడు. నా వైపు తిరిగి, నీ ఉద్దేశంలో ఇది ఏ జార్జి కాలందని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. "ఎ వెరీ గుడ్ జార్జ్, సర్," అన్నాను.

దొర నవ్వలేదు. తన లాగు జేబులోంచి చాకు ఒకటి తీసి, దీని పక్కన బల్ల మీద పెట్టాడు. అదే పిడి, అదే కిరీటం, అదే మేడిన్ ఇంగ్లండ్. బడికి పోయే రోజుల్లో వాళ్ళ నాన్న కొనిచ్చాడట.

"ఏమంటాండాడప్పా?" అని మునసబు నా మోచేతిని గిల్లాడు.

ఆ మాట తెలుగులో ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. "దొరగారింట్లో గూడా ఇట్లాంటిదే ఉందంటండీ," అన్నాను.

"సూస్తివా," అని మునసబు పొంగిపోయాడు. "పెద్ద కొంపల్లోనే ఉంటాయి ఇట్లాంటివి."

దొర రెండు చాకులూ మడిచి, మాది మాకిచ్చి, మునసబుకు చేయి కూడా ఇచ్చాడు. బిరుదు మాత్రం రాలేదు. బిరుదుల పట్టీ పడే రాజుగారి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా మునసబు పుత్తూరు స్టేషనుకు పోయి మద్రాసు పేపరు కొనేవాడని విన్నాను.

ఇంతలో స్వాతంత్ర్యం వచ్చే రోజు దగ్గర పడింది. బజారులో మూడు రంగుల గుడ్డ దొరకనంతగా గిరాకీ. మునసబు ఈసారి ఖద్దరు టోపీతో దిగాడు. కొండకు పోదామని వాళ్ళమ్మను కూడా వెంట తెచ్చాడు. ఆమె అంగడి మెట్టు మీద కూర్చుంటే, ఆయన లోపలికొచ్చి, గొంతు తగ్గించి, "అప్పా, ఆ కిరీటం తీసెయ్యల్ల," అన్నాడు.

"తీస్తే పాతదని ఎట్లా తెలుస్తుందండీ?"

"పాతదే. మా ముత్తాత కుంఫిణీ దొర సేతిలో నుంచి పెరుక్కున్నాడు. మా ఊర్లో జెండా ఎత్తే దినం అందురికీ సూపించల్ల. కిరీటముంటే బాగుండదు గదా."

"మరి పులి?"

"పులి యాడ వచ్చిందప్పా ఇందులోకి?" అన్నాడు నా మీద విసుక్కుంటూ.

మా మామ నాకు కళ్ళతోనే సానరాయి చూపించాడు. నేను నూనె వేసి రుద్దడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకు మెట్టు మీద ముసలామె వెనక్కి తిరిగి, లేచి లోపలికొచ్చింది.

"ఏం జేస్తాండావు నాయనా దాన్ని? అది మా ఆయన సాకు."

"నువ్వుండుమా," అన్నాడు మునసబు.

"నేనెందుకుండాల? మద్రాసులో ఆయన కొనేటప్పుడు పక్కన నేనుండా. నీళ్ళోసుకోనుంటి. ఏం తిన్నా కక్కుకుంటా ఉంటి. కమలాపండు ఒక్కటే ఇమిడేది. దాన్ని ఒలిచి, ఇత్తులు తీసి పెట్టేదానికని కొన్నాడు. రైల్లో వచ్చినంత దూరమూ ఒలస్తానే వచ్చినాడు."

రుద్దడం ఆపేశాను. అడక్కుండా ఉండలేక, "అప్పుడు కడుపులో ఎవరవ్వా?" అన్నాను.

ఆమె మునసబు వైపు గడ్డం చూపించింది. "ఇంకెవురు, ఈడే."

మా మామ ఒక తాళం తీసి, దానితో ఏ అవసరమూ లేకపోయినా తిప్పి చూడసాగాడు. మునసబు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎంతోమంది తాతల కాలం కట్టిన నాకు, ఒక చాకు పుట్టిన ఏడు ఇంత సరిగ్గా తెలియడం అదే మొదలు. అది మా ఏజెంటు నేర్పిన విద్యలో లేదు.

"ఇట్లియ్యి నాయనా," అని ఆమె చేయి చాపింది. నేను నూనె తుడిచి ఇచ్చాను. కిరీటం సగం అరిగిపోయింది, పక్కన ఆర్ ఒక్కటే మిగిలింది. ఆమెకు చదువు రాదు గనక ఏం పోయిందో చూడలేదు. అలుగు మీద వేలు ఆనించి, పదును ఉందని తృప్తిపడి, మడిచి రొంటిన దోపుకుంది. మునసబు దాన్ని తిరిగి అడగలేదు. ఇద్దరూ అలిపిరి దారి పట్టారు. ఎండ ఎక్కువగా ఉందని ఆయన ఖద్దరు కండువా తీసి వాళ్ళమ్మ తల మీద కప్పడం మెట్టు మీద నిలబడి చూశాను.

జెండా ఎత్తిన రోజు మునసబు ఏం చూపించాడో, ఏ కథ చెప్పాడో నేను కనుక్కోలేదు. అంగడి మామ కాలంతోనే పోయింది, నేను వేరే ఉద్యోగాలు చూసుకున్నాను. కానీ అలవాటు పోలేదు. ఎవరింటికి పోయినా చాకు కనబడితే చాలు, తెరిచి వెలుతురుకు పెడతాను. మా ఆవిడ దీనికి చాలా ఏళ్ళు సిగ్గుపడింది, ఇప్పుడు పడటం మానేసింది. మొన్న ఒక చుట్టాలింట్లో పెద్దాయన పాత చాకొకటి నా చేతికిచ్చి, తన తాతకు ఎవరో గవర్నరు ఇచ్చిందన్నాడు. తిప్పి తిప్పి చూశాను. అచ్చు ఉంది గానీ నా కళ్ళకు అక్షరాలు ఆనడం లేదు. పక్కనే కుర్రాళ్ళున్నారు, చదివి పెట్టమంటే పెట్టేవాళ్ళే. అడగబుద్ధి కాలేదు. "మీ తాత దీంతో ఏం కోసేవాడండీ?" అన్నాను. ఆయన చాకు వెనక్కి తీసుకుని, "చెరుకు గడ," అని, ఎందుకో తనలో తనే నవ్వుకున్నాడు.