పడవకి గృహప్రవేశం

ఆ రోజుల్లో నాకు ఒళ్ళు తెలిసేది కాదు. రక్తం ఉడుకుతూ ఉండేది, ఎవరేం చెప్పినా చెవికెక్కేది కాదు. కుర్రతనం అలాంటిది మరి. అప్పటికి నాకు అరవై మూడేళ్ళే. డెబ్బై దాటిన ఈ వయసులో కూర్చుని తలుచుకుంటే, అంత లేత ప్రాయంలో అంత సాహసం ఎలా చేశానా అని నాకే ఆశ్చర్యం వేస్తుంది. నాలాంటి ముసలివాళ్ళు ఇది చదివి నవ్వుకోండి. రేపోమాపో రిటైరవబోయే పసివాళ్ళు మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి.

అప్పట్లో మేం మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కార్ల కంపెనీలో నేను బ్రేకులు డిజైన్ చేసేవాణ్ణి. అమెరికాలో సగం కార్లు నా వల్లే ఆగుతున్నాయని పార్టీల్లో చెప్పుకునేవాణ్ణి. (నిజానికి నా చేతిలో ఉన్నది వెనక చక్రం బ్రేకులో ఒక స్ప్రింగు.) పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయాక అయిదు పడగ్గదుల ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. మా ఆవిడ పైన, నేను కింద బేస్‌మెంట్‌లో గోడంత టీవీ ముందు. కాఫీ అయితే వంటింట్లోంచి సెల్‌ఫోన్ చేసేది. ఆ సమయానికే మా తెలుగు బృందంలో ఒక కొత్త జబ్బు మొదలైంది. దాని పేరు డౌన్‌సైజింగ్. ముప్పై ఏళ్ళు ఎవరి ఇల్లు పెద్దదని పోటీపడ్డవాళ్ళమంతా, ఇప్పుడు ఎవరి ఇల్లు చిన్నదని పోటీ మొదలుపెట్టాం. ఒకాయన ఫ్లోరిడాలో చిన్న కాండో ఫ్లాటు కొన్నాడు. మా గుండె డాక్టరు (నాకు చిన్నప్పటి స్నేహితుడు, గుండెలు కోసే వృత్తి) చక్రాల మీద తిరిగే ఇల్లు, ఆర్వీ, కొన్నాడు. వాళ్ళని మించాలంటే నాకు నీళ్ళే దిక్కయ్యాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ కాలువ మీద ఒక పడవ కొన్నాను. కొన్నది పడవే అయినా అందరికీ "యాట్" అని చెప్పాను. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, నీళ్ళు నా రక్తంలోనే ఉన్నాయి అని కూడా అన్నాను. (పుట్టింది అనంతపురంలో. మా వీధిలో నీళ్ళంటే ట్యాంకర్ లారీ, దాని వెనక బిందెల వరస.) ఇల్లు అమ్మేసి పూర్తిగా పడవలోనే కాపురం పెడదామన్నది నా ప్లాను. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి మా ఆవిడ సంతకం కావాలి.

"ఇప్పుడు ఆషాఢం. గృహప్రవేశానికి పనికిరాదు," అంది ఆవిడ. "ఊరికే ఉండి చూద్దాం. శ్రావణంలో పంతులుగారిని పిలిచి పాలు పొంగిద్దాం. ఆ రోజు చెప్తాను, సంతకం పెడతానో లేదో."

ఇక పడవ కాపురం సంగతి. యూట్యూబ్‌లో చూపించేవాళ్ళు సూర్యాస్తమయం చూపిస్తారు, కాఫీ కప్పు చూపిస్తారు. ట్యాంకు మాత్రం చూపించరు. పడవలో బాత్రూమ్‌కి వెళ్తే అది ఎక్కడికీ పోదు, మన మంచం కింద ఉన్న ట్యాంకులోకే పోతుంది. అది నిండేలోపు పడవ వేసుకుని, పంపు పెట్టి పీల్చే చోటికి వెళ్ళాలి. దారిలో వంతెన అడ్డం వస్తే, దాన్ని ఎత్తే మనిషి లంచ్ ముగించుకుని వచ్చేదాకా నీళ్ళ మీద చక్కర్లు కొట్టాలి. "వీకెండ్ ఎక్కడికి క్రూజ్ చేశారు?" అని డాక్టరు ఫోన్లో అడిగితే "ఊరికే, అలా ప్రకృతిలోకి" అనేవాణ్ణి. నాలుగు వారాల్లో మేం చేసిన జలవిహారాలన్నీ ఆ పంపు దగ్గరికే. కరెంటు సంగతి ఇంకా ఘోరం. గట్టు మీద ప్లగ్గు పెట్టుకోవచ్చు గానీ, వెట్ గ్రైండర్ తిరగాలంటే ఏసీ ఆగాలి, ఏసీ తిరగాలంటే దోసెలు ఆగాలి. ఇంగువ పోపు వేస్తే గట్టు మీద సైకిళ్ళ మీద పోయే తెల్లవాళ్ళు బ్రేకు వేసి "వావ్, వాట్ ఈజ్ దట్ స్మెల్?" అనేవాళ్ళు. ఆ వాసన వాళ్ళతో పాటు వెళ్ళిపోయేది కాదు, మా దుప్పట్లలోనే కాపురం ఉండేది. నేను నిలబడితే తల తగిలేది, పడుకుంటే కాళ్ళు తగిలేవి. ఎక్కడ కూర్చున్నా ఎదురుగా మా ఆవిడ తగిలేది.

ఇప్పుడు అసలు నిజం చెప్పేస్తాను. రెండో వారానికే నాకు బేస్‌మెంట్ కలలోకి రావడం మొదలైంది. ఆవిడ సంతకం పెట్టనంటే బాగుండునని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. నేనే వెనక్కి తగ్గితే డాక్టరు ముందు తల ఎత్తుకోలేను. ఆవిడ కాదంటే మాత్రం, "ఏం చేస్తాం గురూ, ఆడవాళ్ళకి సాహసం పడదు" అని నిట్టూర్చి, దర్జాగా టీవీ ముందుకి వెళ్ళిపోవచ్చు. పైగా నాకు నమ్మకం కూడా ఉంది. ఇంత ఇరుకులో ఏ ఇల్లాలు ఉంటుంది?

శ్రావణం వచ్చింది. డాక్టరు తన ఆర్వీలో పంతులుగారిని కూర్చోబెట్టుకుని మిషిగన్ నుంచి దిగాడు. వెనక కార్లలో పట్టుచీరలు, పులిహోర ట్రేలు, బూరెల డబ్బాలు దిగాయి. పంతులుగారు గట్టు మీద నిలబడి పడవని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు.

"అయ్యా, ముందు ఒకటి తేల్చండి. ఇది గృహమా, వాహనమా? గృహమైతే పాలు పొంగించాలి. వాహనమైతే నిమ్మకాయలు తొక్కించాలి."

"ఇల్లేనండీ," అంది మా ఆవిడ.

"వాహనమే! దీనికి తొక్కడానికి చక్రాలు లేవు గానీ!" అన్నాడు డాక్టరు ఫోన్లో వీడియో తీస్తూ.

పంతులుగారు తన ఫోన్లో దిక్సూచి తెరిచారు. "ఇల్లే అయితే సింహద్వారం పడమరకి ఉందండీ. ఇలా ప్రవేశం ఎలా చేయిస్తాను?"

పడవలోకి దారి వెనక వైపు నుంచి. ముక్కు తూర్పుకి పెట్టి కట్టాను కాబట్టి తలుపు పడమరకి ఉంది. అందరూ నన్ను చూశారు.

"ఏముంది బాస్, తిప్పెయ్," అన్నాడు డాక్టరు. "మా ఇళ్ళు తిప్పలేం గానీ, నీ ఇల్లు తిరుగుతుందిగా. అదేగా అడ్వాంటేజ్ అన్నావ్? లేకపోతే చెప్పు, నాకు ఆర్వీ తిప్పడం వచ్చు, ట్రై చేస్తాను."

నా యాట్‌ని వీడు తిప్పడమా! తాడు విప్పాను. మా ఆవిడ అప్పటికే లోపల పాలగిన్నె కింద మంట పెట్టింది. "ముహూర్తం దాటిపోతుంది, త్వరగా!" అని పంతులుగారు కేక వేశారు.

ఆ రోజు ప్రచండమైన గాలి. (గట్టు మీద ఒక్క పట్టుచీర కొంగు కూడా కదల్లేదు.) పడవ సగం తిరిగేదాకా అంతా బాగానే ఉంది. సగం తిరిగాక నా కుడికాలు, ఇన్నేళ్ళ వృత్తిధర్మం కొద్దీ, బ్రేకు కోసం నేల తన్నింది. పడవకి బ్రేకు ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు, నా కాలికి తెలియదు. వెనక్కి నడపబోయి ముందుకి నడిపాను. మొత్తం నౌక అవతలి గట్టు దగ్గరి బురదలోకి వెళ్ళి మెత్తగా కూర్చుంది. లోపల గిన్నె దభీమంది.

"అమ్మా! పాలు పొంగాయా?" ఇవతలి గట్టు నుంచి పంతులుగారు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచారు.

మా ఆవిడ స్టవ్ ఆపేసి, తడిసిన చీర కుచ్చిళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. "పొంగాయండీ! తూర్పుకే!"

గట్టు మీద చప్పట్లు మోగాయి. నేను నెమ్మదిగా అడిగాను: "నిజంగా తూర్పుకేనా?"

"పడవ గిరగిరా తిరుగుతుంటే తూర్పేదో నాకేం తెలుసు? అన్ని దిక్కులకీ పొంగాయి. ఊరుకోండి."

ఎంత రివర్సు కొట్టినా పడవ కదల్లేదు. ఏదో ఒక పెద్ద పడవ వచ్చి తాడేసి లాగేదాకా ఆగాల్సిందేనని తేలింది. అవతల మా అతిథులు కాసేపు సలహాలు అరిచారు. తరువాత పులిహోర ట్రేల మీద రేకులు విప్పుకున్నారు. ఆ తరువాత మమ్మల్ని మరిచిపోయారు.

గిన్నెలో మిగిలిన పాలతో ఆవిడ టీ పెట్టింది. ఇద్దరం వెనక మెట్టు మీద కూర్చున్నాం. నా మొక్కు తీరే ఘడియ వచ్చిందనిపించింది. ముఖం వీలైనంత దీనంగా పెట్టాను.

"చూశావుగా. చీర పాడైంది, పరువు పోయింది, ఇంటికొచ్చిన వాళ్ళు మనం లేకుండానే భోంచేస్తున్నారు. నువ్వు వద్దంటే నేనేమీ అనుకోను. సంతకం విషయం…"

"పెడతాను," అంది.

టీ నా గొంతుకి అడ్డం పడింది. "ఆలోచించుకో! ఆ ట్యాంకు? ఆ గ్రైండర్?"

"మిషిగన్‌లో గ్రైండర్ ఎప్పుడైనా వేసుకునేదాన్ని. వేశాక ఆ దోసె తినే మనిషిని ఫోన్ చేసి పిలవాల్సి వచ్చేది. మీరు కాఫీ తాగి, కప్పు అక్కడే పెట్టి, మళ్ళీ కిందకి దిగిపోయేవాళ్ళు. ఇక్కడ దిగడానికి కింద ఏముందండీ? నీళ్ళు. మీకేమో ఈత రాదు." నా చేతిలోని కప్పు తీసుకుని కింద పెట్టింది. "ఈ నెల్లాళ్ళలో మీరు నాతో మాట్లాడినంత మన పెళ్ళయినప్పటి నుంచీ మాట్లాడలేదు. సగం అబద్ధాలే అనుకోండి. అయినా మాట్లాడారు. ఇల్లు అమ్మేయండి."

అవతలి గట్టు నుంచి డాక్టరు బూరె నములుతూ అరిచాడు: "ఏమంటోంది చెల్లెమ్మ? సైన్ చేస్తుందట్రా?"

"చేస్తుందిరా!" అని అరిచాను. ఆ కేకలో దుఃఖం ఎంతో, సంతోషం ఎంతో నాకే తెలియలేదు. గట్టు మీద వాళ్ళు మాత్రం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇల్లు అమ్మేశాం. చలికాలం కాలువలో నీళ్ళు తీసేస్తారు కాబట్టి, ఆ నెలలు మా అమ్మాయి ఇంటి దగ్గర ఒక గదిలో ఉంటాం. మేలో మళ్ళీ పడవ ఎక్కుతాం. చుక్కాని ఇప్పుడు ఆవిడది. నేను తాడు విసరడం, ట్యాంకు ఖాళీ చేయించడం, మాట్లాడటం. పాతికేళ్ళ వయసులో చెప్పాల్సిన కబుర్లు అయిపోయి, ఇప్పుడు కల్పించి చెప్తున్నాను. ఆవిడ కనిపెట్టేస్తుంది, అయినా ఆపమనదు. ఆ రోజు నా మొక్కులు విని ఆ దేవుళ్ళలో ఏ ఒక్కరైనా కనికరించి ఉంటే, ఆ అరవై మూడేళ్ళ కుర్రాడు ఇవాళ్టికీ నేలమాళిగలో గోడంత టీవీ ముందు, తనే గెలిచాననుకుంటూ ఒంటరిగా కూర్చుని ఉండేవాడు. పాపం, పిచ్చివాడు.