పాట మొదలవగానే మూసుకుపోయిన సర్వర్

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నాకు సాక్ష్యం చెప్పడం రాదు. యంత్రం ఆగిపోతే ఏం చూశాం, ఏం చేశాం, తర్వాత ఏం జరిగింది అని వరుసగా చెప్పడం మాత్రమే వచ్చు, నా ఉద్యోగం అలాంటిది. మన సంఘ పెద్ద ఆనందరావు గారు "ప్రభాకర్, నువ్వే రాయి, నేను రాస్తే అందులో సాతానును కూడా కలిపేస్తాను" అని నవ్వుతూ అన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కన్నీళ్ళ ఘట్టాల కోసం చూసేవారు కొంచెం ఓపిక పట్టాలి.

నేను ఖతర్ దేశంలోని మెసయీద్‌లో ఫ్యాక్టరీల పంపులు మరమ్మతు చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తాను. ఏ పంపు విప్పారు, ఏ భాగం మార్చారు, రేపు ఎవరు ఎక్కడికి వెళ్ళాలి అన్నదంతా ఆఫీసులో ఉన్న ఒక లినక్స్ సర్వర్‌లో ఉంటుంది. సెలవు రోజున అది మొరాయిస్తే ఉమ్ సలాల్‌లోని మా ఇంటి నుంచే నేను అందులోకి లాగిన్ అయి సరిచేయాలి. దానికి ఎస్‌ఎస్‌హెచ్ అని ఒక పద్ధతి ఉంది, దూరాన ఉన్న యంత్రంలోకి భద్రంగా వెళ్ళే దారి అనుకుంటే చాలు. ముందే నమోదు చేసిన ఇంటి ఇంటర్నెట్ నుంచి మాత్రమే ఆ దారి తెరుచుకోవాలని మా కంపెనీ నియమం, ఫోన్ నెట్ పెట్టుకుని వెళ్దామంటే కుదరదు.

పోయిన ఎండాకాలంలో నా భార్య సుజాతకు ఏడో నెల. మాయ కిందికి ఉందనీ, బీపీ కూడా ఎక్కువగా ఉందనీ, విమానం మాట దేవుడెరుగు, మెట్లు ఎక్కడం కూడా మానాలనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తన వీసా నా ఉద్యోగం మీద ఉంది, అంటే నా ఉద్యోగం పోతే ఇద్దరం దేశం విడిచి వెళ్ళాలి, వెళ్ళాలంటే ఆమె విమానం ఎక్కాలి, ఎక్కితే బిడ్డకూ తల్లికీ ప్రమాదం. ఆ రోజుల్లో నా బుర్రలో ఈ మూడు మాటలే తిరుగుతుండేవి, అన్నం తింటున్నా అవే, కారు నడుపుతున్నా అవే.

సరిగ్గా అప్పుడే సర్వర్ నన్ను రానివ్వడం మానేసింది. మిగతా రోజుల్లో చక్కగా లాగిన్ అయ్యేవాణ్ణి, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగే సమయానికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేది, మర్నాటి పనుల పట్టికలో ఫలానాది మార్చు అని. నేను ప్రయత్నిస్తే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వచ్చేది. అవతల యంత్రం బతికే ఉంది కానీ నాతో మాట్లాడనంటోంది అని దాని అర్థం. మళ్ళీ కొంతసేపటికి ఏమీ ఎరగనట్టు లోపలికి రానిచ్చేది. ఆఫీసుకు వెళ్ళి నేను చూడగలిగినవన్నీ చూశాను, లాగిన్లు అందుకునే ప్రోగ్రామ్ నడుస్తోంది, డిస్కు నిండలేదు, నా తాళం ఫైలు ఉండాల్సిన చోటే ఉంది, దాని అనుమతులు సరిగ్గానే ఉన్నాయి. ఇంట్లో రౌటర్ మార్చాను. ఎన్ని చేసినా మళ్ళీ శుక్రవారం వచ్చేసరికి అదే కథ.

మా మేనేజర్ జోర్డాన్ దేశస్థుడు, మంచివాడే, కానీ సాకులు వినడు. "సెలవు రోజున దొరకని మనిషి నాకెందుకు?" అని ముఖం మీదే అడిగేశాడు. నేను ఇంటికి వచ్చి సుజాతకు చెప్పలేదు, ఆనందరావు గారికి చెప్పాను. ఆయన విని కళ్ళు మూసుకుని, "చూశావా బాబూ, మనం ప్రార్థనకు కూర్చున్నప్పుడే నీ పని చెడుతోంది, ఇది మామూలు విషయం కాదు, సాతానుకు మన కూడిక ఇష్టం లేదు" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. అప్పటి నుంచి బుధవారం కూడా కూడిక పెట్టుకున్నాం. సర్వర్ బుధవారం కూడా మూసుకోవడం మొదలుపెట్టింది.

ఇక పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. కంపెనీ భద్రతా విభాగం వాళ్ళు నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, కొత్తగా ఒక కాపలా ప్రోగ్రామ్ పెట్టామనీ, ఎవరైనా తప్పు పాస్‌వర్డ్ పదే పదే కొడితే ఆ ఇంటి ఇంటర్నెట్‌ను అది కాసేపు బయటే నిలబెట్టేస్తుందనీ, అలా తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నది మా ఇంటి నుంచేననీ చెప్పారు. నన్ను సర్వర్ ఎందుకు రానివ్వడం లేదో నాకు అప్పుడు అర్థమైంది, కానీ కొడుతున్నది ఎవరో అర్థం కాలేదు. "మా ఇంట్లో నేను, నా భార్య తప్ప ఎవరూ ఉండరు" అన్నాను. "అందుకే నిన్ను పిలిచాం" అన్నారు. బ్యాడ్జి తీసుకుని, విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆ రోజు మెసయీద్ నుంచి ఇంటిదాకా కారు ఎలా నడిపానో నాకు గుర్తు లేదు, ఎవరో కాళ్ళ కింద నేల లాగేసినట్టుంది.

ఇక సుజాతకు చెప్పక తప్పలేదు. ఆమె ఏడవలేదు, కడుపు మీద చెయ్యి వేసుకుని "నువ్వు చేయలేదు కదా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. "అయితే దేవుడికి తెలుసు" అని లేచి పొయ్యి మీద టీ పెట్టింది. నాకు మాత్రం ధైర్యం రాలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నా కంప్యూటర్ అంతా గాలించాను, మా ఫోన్లు గాలించాను, ఎవరైనా పక్కింటి వాళ్ళు మా వైఫై వాడుతున్నారేమోనని దాని పాస్‌వర్డ్ కూడా మార్చేశాను. విషయం తెలిసి మన సంఘం వాళ్ళు రోజూ సాయంత్రం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. దూరాన కంపెనీ క్యాంపుల్లో ఉన్న సహోదరులు వీడియోలో కలిసేవారు. పాటల మాటలు గోడ మీద చూపించడానికీ, ఆ వీడియోకూ మన కూడికకు ఒక ల్యాప్‌టాప్ ఉంది కదా, దానికి కొత్త వైఫై పాస్‌వర్డ్ నేనే నా చేతులతో టైప్ చేశాను.

ఆ వారంలో ఒక సాయంత్రం అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. నేను లోపల్లోపల ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నాకు గొప్ప అద్భుతం వద్దు. నేను చేయలేదని నీకు తెలుసు, వాళ్ళకు తెలియడం లేదు. ఎక్కడ చూడాలో అక్కడ నన్ను చూడనివ్వు. నా బిడ్డను విమానం ఎక్కించకు." ఆమేన్ అనక ముందే జేబులో ఫోన్ మోగింది, మేనేజర్. నేను పెరట్లోకి పరిగెత్తాను. ఆయన అరవలేదు, ఆ నెమ్మది మాటలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. "ప్రభాకర్, నేను స్క్రీన్ ముందే కూర్చున్నాను. ఈ క్షణం కూడా మీ ఇంటి నుంచి కొడుతూనే ఉన్నారు. ఆపు. రేపు ఇది పోలీసుల దాకా వెళ్తే నేను ఏమీ చేయలేను." నేను "సార్, నా చేతులు ఖాళీగా ఉన్నాయి, నేను ప్రార్థనలో ఉన్నాను" అన్నాను. ఆయన పెట్టేశాడు.

పెరటి గేటు దగ్గర రాజన్న కారు తుడుస్తున్నాడు. రాజన్నది జగిత్యాల వైపు, మా పక్క విల్లాలో ఖతరీ కుటుంబానికి డ్రైవర్, గేటు పక్క గదిలో ఉంటాడు. హిందువు, మన కూడికకు రాడు గానీ మన పాటలన్నీ గోడ అవతల నుంచి వింటాడు. నా ముఖం చూసి ఊరికే ఉండలేక ఎగతాళి పట్టించాడు. "ఏందన్నా, మీ పాటలు షురూ అయినయంటే సాలు, నీ ఫోన్ మోగుతది, నువ్వు ఉరుక్కుంట బయటికొస్తవు. ఎన్నోసార్లు సూసిన. మీ దేవుడేమన్న నీకు మిస్డ్ కాల్ ఇస్తుండా?"

నాకు కోపం రావాలి. రాలేదు. ప్రార్థన మొదలైతే అని కదా మేమందరం ఇన్నాళ్ళూ అనుకున్నది, ఇతను పాటలు మొదలైతే అంటున్నాడు. పాట మొదలయ్యే ముందు మేం ఏం చేస్తాం? ల్యాప్‌టాప్ పెడతాం. ఆ ల్యాప్‌టాప్ ఎవరిది? ఒకప్పుడు నాది. కంపెనీ కొత్తది ఇచ్చాక దాన్ని కూడికకు ఇచ్చేశాను. ఇళ్ళ నుంచే పని చేసిన కరోనా రోజుల్లో, సర్వర్ నుంచి పంపుల సమాచారం దానంతటదే వచ్చేలా అందులో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాను, మెషిన్ ఆన్ చేస్తే చాలు, కాసేపటికొకసారి అది సర్వర్‌ను పలకరిస్తుంది. ఎండాకాలంలో కంపెనీ అందరి పాస్‌వర్డ్‌లు మార్పించింది, ఆ ప్రోగ్రామ్‌కు మాత్రం పాతదే తెలుసు. పాపం దానికి ఎవరు చెప్తారు, అది పాత మాటనే పట్టుకుని కొడుతూనే ఉంది, మేం ఎంత ఎక్కువ ప్రార్థిస్తే అంత ఎక్కువ కొడుతూనే ఉంది.

లోపలికి వెళ్ళి "పాట ఆపండి" అన్నాను. ఆనందరావు గారు కళ్ళు తెరవకుండానే "ఆపకండి, ఆపకండి, వాడికి కావలసింది ఇదే" అని ఇంకా గట్టిగా అందుకున్నారు. నేను వెళ్ళి ల్యాప్‌టాప్ ఆపేశాను. గోడ మీద మాటలు పోయాయి, క్యాంపు సహోదరుల ముఖాలు పోయాయి, అందరూ నన్నే చూస్తున్నారు. అక్కడే నిలబడి మేనేజర్‌కు ఫోన్ చేశాను, "సార్, ఒక్క పని చేయండి, స్క్రీన్ చూస్తూ ఉండండి" అని. కాసేపటికి "ఆగింది" అన్నాడాయన. ల్యాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేశాను. "మళ్ళీ మొదలైంది" అన్నాడు. మళ్ళీ ఆపాను. "ఆగింది. ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాడు, ఆ గొంతులో అనుమానం పోయి ఆశ్చర్యం చేరింది. అప్పుడు మొత్తం చెప్పాను, పాత ల్యాప్‌టాప్, పాత పాస్‌వర్డ్, పాటలు, అన్నీ. "యల్లా, రేపు పొద్దున్నే దాన్ని పట్టుకుని రా" అన్నాడు, యల్లా అంటే సరే కానివ్వు అని.

మరుసటి రోజు భద్రతా విభాగం వాళ్ళు దాన్ని తెరిస్తే మొదట కనిపించింది ముందు రోజు మేం సగంలో ఆపిన పాట. ఏ భాష, ఏమిటిది అని అడిగారు. తెలుగు, దేవుని పాట అని చెప్పాను. వెనకాలే ఆ చిన్న ప్రోగ్రామ్, అందులో పాత పాస్‌వర్డ్, నేను చెప్పినట్టే దొరికాయి. ఇలా పాస్‌వర్డ్ రాసి వదిలేయడం తప్పని వాళ్ళు నాకు క్లాసు పీకారు, న్యాయమే, విన్నాను. మేనేజర్ మాత్రం బ్యాడ్జి నా చేతికి ఇస్తూ, "అంటే ఇన్నాళ్ళూ మీ ప్రార్థనలు నా సర్వర్‌కు వచ్చాయన్నమాట, తప్పు చిరునామాకు" అని నవ్వాడు. నేను బయటికి వచ్చి కారులో కూర్చుని, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. అడిగారు కదా కన్నీళ్ళు, ఇవే.

ఆ శుక్రవారం ఆనందరావు గారు లేచి నిలబడి, "సహోదరులారా, నెల రోజులుగా మనం సాతానును గద్దించాం, ఈ ఒక్క విషయంలో వాడు ఇక్కడ లేడు, మన ల్యాప్‌టాప్ ఉంది" అన్నారు. అందరూ నవ్వారు, ఆయన కూడా. తర్వాత అందరం మోకరించి కృతజ్ఞతలు చెల్లించాం. దేవుడు వచ్చి సర్వర్ బాగుచేశాడని నేను చెప్పను, సర్వర్ అసలు చెడిపోనే లేదు, దాని పని అది చేసింది. ఎక్కడ చూడాలో చూపించమని అడిగాను, అడిగిన కాసేపటికే కారు తుడుస్తున్న ఒక మనిషి నోట ఆ సంగతి చెప్పించాడు. ఆ మనిషి మనలో ఒకడు కాకపోవడం నన్ను ఇప్పటికీ తగ్గించి కూర్చోబెడుతుంది.

నెలలు నిండాక మా పాప ఇక్కడే దోహా ఆసుపత్రిలో పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం, దేవునికే మహిమ. సుజాతకు నొప్పులు వచ్చినప్పుడు నేను కారు తాళం ఎక్కడ పెట్టానో తెలియక ఇల్లంతా వెతుకుతుంటే, తన యజమానిని అడిగి వచ్చి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా రాజన్నే.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఏదైనా తలుపు ఎంత కొట్టినా తెరుచుకోకుండా ఉంటే, నిరాశపడి వెళ్ళిపోకండి, ఒక్క నిమిషం కొట్టడం ఆపి, ఎక్కడ చూడాలో చూపించమని ఆయన్ను అడగండి, ఎవరి చేత చెప్పిస్తే వారి మాట వినండి. మా ఇంటి కూడికకు రండి, అందరికీ చోటుంది. ల్యాప్‌టాప్ అదే, ఆ ప్రోగ్రామ్ తీసేశాను, భయం లేదు. పోయిన శుక్రవారం పాట మధ్యలో పాప ఏడిస్తే ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాను. రాజన్న గేటు దగ్గర నుంచి నన్ను చూసి, "ఏందన్నా, మళ్ళ ఫోనా?" అని కంగారుగా అడిగాడు. కాదు రాజన్నా, బిడ్డ అన్నాను. "అయితే ఇటియ్యి" అని చేతులు తుడుచుకుని పాపను ఎత్తుకున్నాడు, నేను లోపలికి వెళ్ళి మిగతా పాట పాడుకున్నాను.