పదకొండు పేర్ల ఖాళీ

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు, దాదాపు ఏడాదిన్నర పాటు, ప్రతి శనివారం మధ్యాహ్నం ఐర్లండు రాజుల వంశావళి టైపు కొట్టాను. ఇప్పుడెవరికైనా చెబితే నవ్వుతారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. కొన్నిసార్లు ఏడుపొచ్చింది, ఎక్కువసార్లు ఒళ్ళు మండింది.

మేం కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో పద్మారావు నగర్‌లో ఉండేవాళ్ళం. నాన్న మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. నేనొక కంపెనీ ఆఫీసులో టైపిస్టుని. శనివారం ఒంటిపూట ఆఫీసు.

ఆ ఉద్యోగం నాకు రావడానికి కారణం హైస్కూల్లో చరిత్ర, ఇంగ్లీషు చెప్పిన ఆంగ్లో ఇండియన్ టీచరు. ఆవిణ్ణి అందరం మిస్ అనే పిలిచేవాళ్ళం. ఆ బడిలో చేరిన కొత్తలో నాకు ఒక్క ఇంగ్లీషు వాక్యం తిన్నగా వచ్చేది కాదు. బడి వదిలాక రెండేళ్ళపాటు, రోజూ గంటసేపు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివించింది. అందుకని, రిటైరయ్యాక ఆవిడ “నా పుస్తకం ఒకటి టైపు చేయాలి, చైల్డ్, నువ్వే రావాలి” అని కబురు పెడితే కాదనలేకపోయాను. ఆవిడకి తెలుగు వింటే అర్థమయ్యేది కానీ మాట్లాడేదంతా ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మిస్ ఇల్లు కాప్రా చెరువుకి కాస్త ఇవతల. పెంకుటిల్లు, ముందు జామచెట్లు. తోడుగా యాప్రాల్ నుంచి పొద్దున్నే నడిచొచ్చి, సాయంత్రం తిరిగిపోయే వంటమనిషి ఒకావిడ. ఆవిడకి యాభై దాటుంటాయి. మిస్‌ని దొరసాని అనేది, నన్ను బిడ్డా అనేది. నేను బస్సు దిగి చెమటలు కక్కుకుంటూ వెళ్తే, ముందు చెంబుడు నీళ్ళు చేతికిచ్చేది.

మొదటి రోజు మిస్ నా ముందు నాలుగు నోటుపుస్తకాలు, మూడు అట్టలూడిన పాత పుస్తకాలు పెట్టింది. వాళ్ళ తాత ఐర్లండు నుంచి సిపాయిగా కంటోన్మెంటుకి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడట. ఆ పాత పుస్తకాలు ఆయనవే. ఇంటిపేరుని బట్టి తమది రాజవంశమని ఆయన నమ్మాడు. మిస్ ఇంకా గట్టిగా నమ్మింది. తారా అనే కొండ మీద పట్టాభిషేకం చేసుకున్న తొలి రాజుల నుంచి తన తండ్రి దాకా ఒక్క తరం కూడా పోకుండా రాసి, ఐర్లండులో వంశావళులు భద్రపరిచే ఒక సంఘానికి పంపాలని ఆవిడ కోరిక.

“ఎన్ని పేజీలుంటుంది మిస్?” అన్నాను.

“నలభై. నెల రోజుల పని.”

ఆ వంశావళి రాసే పద్ధతే వేరు. ఫలానావాడు, మ్యాక్ ఫలానావాడు, మ్యాక్ ఫలానావాడు అంటూ పోతుంది. మ్యాక్ అంటే కొడుకు. మిస్ దగ్గరున్న టైపు మిషన్లో ఎమ్ అక్షరం ఇరుక్కుపోయేది. కొట్టిన ప్రతిసారీ ఆ పుల్లని వేలితో వెనక్కి లాగాలి. ఒక్కో పేజీకి ముప్ఫై నలభై మంది కొడుకులు. సాయంత్రానికి నా కుడి చూపుడువేలు నల్లగా అయ్యేది, సబ్బుకి కూడా పోయేది కాదు.

సరే, కొట్టాను. పన్నెండు పేజీలు, కింద రెండేసి కార్బన్ కాపీలతో, ఒక్క తప్పు లేకుండా కొట్టాను. మరుసటి శనివారం వెళ్ళేసరికి మిస్ వాటి నిండా ఎర్ర సిరాతో గీతలు పెట్టి కూర్చుంది.

“ఈయన ఆయనకి కొడుకు కాదు చైల్డ్, మనవడు. రెండో పుస్తకంలో ఉంది.”

“మరి కొడుకని మొదటి పుస్తకంలో ఉందన్నారుగా?”

“ఉంది. కానీ మూడో పుస్తకంలో తమ్ముడని ఉంది. అందుకని రెండోదే నమ్మకం.”

ఆ లెక్క నాకు బుర్రకెక్కలేదు. మధ్యలో ఒక్క తరం పెరిగితే కింద పేజీలన్నీ జరగాలి. మళ్ళీ మొదటి నుంచీ కొట్టాను. ఆ పై వారం ఆ మనవడే లేడని తేలింది. దాంతో ఒక రాజు, తన తండ్రి చనిపోయిన ఎనభై ఏళ్ళకి పుట్టాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. మిస్ కళ్ళద్దాలు సర్దుకుని, “అప్పటి రాజుల సంగతి వేరు” అంది.

నెల రోజుల పని ఆరు నెలలకి పాకింది. టైపు కొట్టే వేళ కంటే కథలు వినే వేళ ఎక్కువయ్యింది. పేరు వచ్చినప్పుడల్లా ఆవిడ ఆగిపోయేది. ఫలానా రాయి మీద అసలైన రాజు కాలు మోపితే ఆ రాయి అరిచేదట. ఒక రాజు గొర్రెల తగువులో తప్పు తీర్పు చెబితే, కూర్చున్న ఇల్లు సగానికి సగం కొండ మీంచి జారిపోయిందట. ఐదుగురు అన్నదమ్ములు దాహంతో బావి దగ్గరికి పోతే, అక్కడున్న కురూపి ముసలిది ముద్దిస్తేనే నీళ్ళంది. అందరూ ఛీకొడితే చిన్నవాడొక్కడే ఒప్పుకున్నాడు, రాజ్యం వాడికే దక్కింది. చెబుతున్నప్పుడు మిస్ గొంతు బడిలో విన్న గొంతులాగే ఉండేది. వినబుద్ధి అయ్యేది. కానీ కన్ను గోడ గడియారం మీద, మనసు బస్సు మీద. అలా వింటున్నందుకు నా మీద నాకే విసుగు.

ఒక రోజు గుర్రం చెవుల రాజు కథ వచ్చింది. జుట్టు కత్తిరించినవాణ్ణి చంపేస్తుంటాడు, తన చెవుల సంగతి బయటికి పొక్కకుండా. ఒక మంగలివాడు బతికిపోయి, కడుపులో మాట దాచుకోలేక చెట్టుకి చెప్పుకుంటాడు. ఆ చెట్టు కొట్టి వీణలాంటి వాద్యం చేస్తే, అది నిండు సభలో రాజు చెవుల గుట్టు పాడేసింది. నేను తెలుగులో రెండు ముక్కలు చెప్పగానే, గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వంటావిడ పకపకా నవ్వింది.

“గిది మా తాత చెప్పిండు బిడ్డా! గాడిద చెవుల రాజు. మాకాడ సుత ఉండె గసుంటి రాజు. దొరసానీ, మీ రాజు మా రాజు ఒక్కడే!”

మిస్ ముఖం ఎర్రబడింది. “చెప్పు దానికి. ఇది చరిత్ర. ఆ రాజు మా వరసలో పేరున్నవాడు.”

నేను చెప్పలేదు. వంటావిడకి ఆ ఇంగ్లీషు అర్థం కాకపోయినా ముఖం అర్థమైంది. “ఏందమ్మా, గింత దానికి పరేషాన్ అయితవు” అని చిక్కుడుకాయల చాట ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ రోజు మిస్ నాకు టీ కూడా ఇవ్వనివ్వలేదు.

టైపు చేసిన కాగితాలు ఒకసారి సరిచూడ్డానికి ఇంటికి తెచ్చుకున్నాను. నాన్న తీసి చదివారు. రాజుల వరస పైకి పైకి పోయి, చివరికి జలప్రళయంలో ఓడ ఎక్కిన కుటుంబం దాకా చేరింది. నాన్న లేచి వెళ్ళి తన బైబిలు తెచ్చుకుని, వేలు పెట్టి వెతికారు.

“ఇక్కడి దాకా ఉంది. ఈ కింద పేర్లు ఎక్కడా లేవమ్మా. ఎవరు రాశారివి?”

“అక్కడి సన్యాసులు రాశారట నాన్నా, క్రైస్తవంలో కలిశాక.”

“ఆఁ. తమ రాజుల పేర్లు ఇందులో లేవని చిన్నతనం అనిపించుంటుంది పాపం. అతికించుకున్నారు.”

ఆయన మామూలుగానే అన్నారు. నాకెందుకో అడగాలనిపించింది. “మన వరస ఎంతదాకా తెలుసు నాన్నా?”

“మా నాన్న, మా తాత. తాతే మనలో మొదట బాప్తిస్మం తీసుకున్నది.”

“ఆయన తండ్రి పేరు?”

నాన్న పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. “తెలీదమ్మా. ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో మనవాళ్ళని పేరు పెట్టి పిలిచిందెవరు? ఒరే అంటే పలకడమే.”

ఎవరి రాజులవో అరవై తరాలు తెలుసు నాకు. వాళ్ళ చెవులు, వాళ్ళ బావులు, వాళ్ళ గొర్రెలు తెలుసు. మా నాన్న ముత్తాత పేరు తెలీదు. మా ఊరి చర్చి పాస్టరుగారికి ఉత్తరం రాశాను, పాత బాప్తిస్మపు రిజిస్టరు చూసి చెప్పమని. నెల తర్వాత జవాబొచ్చింది. మంచి మనిషి, శ్రద్ధగా చూసి రాశారు. తేదీ ఉంది, కొత్తగా పెట్టిన పేరుంది, తండ్రి పేరు రాయాల్సిన గడిలో చిన్న అడ్డగీత ఉంది. ఆ పేజీలో అందరికీ అంతేనట.

ఆ ఉత్తరం సంచీలో పెట్టుకునే ఆ శనివారం కాప్రా వెళ్ళాను. మిస్ ఉత్సాహంగా ఉంది. రాజుల వైపు నుంచి కిందికి వస్తూ ఒక చోట పుస్తకాలు ఆగిపోయాయి. తాత వైపు నుంచి పైకి వెళ్తూ ఆయన తండ్రి దగ్గర వరస ఆగిపోయింది. మధ్యలో ఆవిడ అంచనా ప్రకారం పదకొండు తరాల ఖాళీ.

“పదకొండు పేర్లు నువ్వే ఏవైనా వెయ్యి చైల్డ్. మా పేర్లన్నీ నీకు అలవాటైపోయాయిగా.”

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. “కల్పించి వెయ్యాలా మిస్?”

“కల్పించడం కాదు. వాళ్ళు ఉన్నారు కదా! మనుషులు లేకుండా నేనెలా పుట్టాను? పేర్లొక్కటే తెలీవు.”

“ఏడాదిగా కొడుకా, తమ్ముడా, మనవడా అని నా చేత ఇరవైసార్లు కొట్టించారు. ఇప్పుడేమో ఊరికే వేసెయ్యమంటారా? మా ముత్తాత తండ్రిది ఒక్క పేరు దొరక్క నేను అల్లాడుతున్నాను. ఒక్కటంటే ఒక్క పేరు!”

అంత గట్టిగా నేనెప్పుడూ ఆవిడతో మాట్లాడలేదు. మిస్ నా ముఖంలోకి కాసేపు చూసి, “అయితే నువ్వూ ఒకటి వేసుకో” అంది.

వేళాకోళానికందో, జాలితో అందో ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడు మాత్రం చెంప మీద కొట్టినట్టయ్యింది. మిషన్ మీద మూత పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాను.

మూడు శనివారాలు వెళ్ళలేదు. మూడో ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి వంటావిడ మా గడపలో కూర్చునుంది. రెండు బస్సులు మారి, అడ్రసు అడుక్కుంటూ వచ్చింది.

“దొరసాని సక్కగ తింటలేదు బిడ్డా. ఆ మిషన్ ముందల కూసుంటది, ఒక్క వేలితోని టకటక కొడతది, చింపుతది. మళ్ల షురూ. నాకైతే తక్లీఫ్ అయితున్నది చూస్తుంటే. జెర వచ్చిపో.”

“ఆవిడేమందో తెలుసా మీకు?” అన్నాను.

“నాకేం ఎరుక. పేర్ల పంచాయితీ అని మాత్రం సమజైంది. మా అమ్మమ్మ పేరే నాకు ఎర్కలేదు. బతుకుతలేనా?”

ఆ మాటతో నా కోపమేమీ తగ్గలేదు. అయినా సాయంత్రం లోపలే వెళ్ళాను. మిస్ క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు. మిషన్లో ఒక కాగితం ఉంది. దాని మీద ఆవిడ ఒంటివేలితో కొట్టిన పదకొండు మ్యాకులు, ఒకదాని కింద ఒకటి. పక్కన పేర్లేమీ లేవు. కొడుకు, కొడుకు, కొడుకు అని మాత్రమే.

అది చూశాక కాదనలేకపోయాను. కూర్చుని, పాత పేజీలు ముందు పెట్టుకుని, ఒక రాజు పేరు తల, ఇంకో రాజు పేరు తోక కలిపి పదకొండు పేర్లు తయారుచేశాను. అరగంట పట్టలేదు. అంత సులువుగా అయిపోవడమే నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది. మిస్ కాగితం అందుకుని గట్టిగా చదువుకుంది. కళ్ళనిండా నీళ్ళు. నాకు సిగ్గు, జాలి, కోపం, మూడూ ఒకేసారి కలిగాయి.

వారం తిరిగి వెళ్ళేసరికి ఆ కాగితం మీదా ఎర్ర సిరా!

“ఈ ఏడోవాడు పెద్దకొడుకు అయ్యుండడు చైల్డ్. ఆ పేరు చిన్నవాళ్ళకే పెడతారు.”

“అతన్ని నేను పుట్టించాను మిస్!”

“అయితే ఏం? తప్పు తప్పే.”

ఏడోవాణ్ణి తొమ్మిదో చోటికి మార్చి మళ్ళీ కొట్టాను. చివరికి నలభై ఆరు పేజీలు, తాడు కట్టి, రిజిస్టరు పోస్టులో ఐర్లండు పంపించాం. నాలుగు నెలలకి జవాబొచ్చింది. మర్యాదగా రాశారు. పాత రాజుల వరస తమకు తెలిసిన జాబితాల్లో ఏదో ఒకదానితో కలుస్తోందట. కానీ ఫలానా పదకొండుమంది ఇంతవరకూ ఎక్కడా కనబడలేదు, చాలా ఆసక్తిగా ఉంది, ఆధారాలు దయచేసి తెలియజేయమన్నారు.

“మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారని రాయి” అంది మిస్.

నేను కాగితం ఎక్కించి, ఆ పదకొండు పేర్లు టైపిస్టు కల్పించినవనీ, అక్కడ ఖాళీ అని రాసుకోమనీ మూడు వాక్యాలు కొట్టి ఆవిడ ముందు పెట్టాను. మిస్ చదివింది. కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుందామన్నట్టు చేయి పోనిచ్చి, వేసుకున్నది గౌను అని గుర్తొచ్చి, అలాగే ఒళ్ళో పెట్టుకుంది. బడిలో చీర కట్టిన అలవాటు అది.

“ఎందుకింత మొండితనం నీకు?”

“మీరే నేర్పారు మిస్.”

వంటావిడ టీ తెచ్చి పెట్టింది, చల్లారింది. తర్వాత మిస్ కలం తీసి, గట్టిగా, కాగితం అవతలి వైపుకి అచ్చు పడేలా సంతకం చేసింది. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు.

తర్వాతి శనివారం మానేద్దామని గట్టిగానే అనుకున్నాను. కానీ ఒంటిగంటకి ఆఫీసు వదలగానే కాళ్ళు బస్సు దగ్గరికే పోయాయి. నేను వెళ్ళేసరికి మిస్ బల్ల మీద కొత్త నోటుపుస్తకం ఒకటి తెరిచి పెట్టుకుని కూర్చునుంది.

“నాన్న వైపు చిక్కులెక్కువ చైల్డ్. అమ్మ వైపు సులువు. నెల రోజుల పని.”