చీమలు చావని మందు

నాకు అనుమానం అమ్మ నుంచి వచ్చింది. పాల చుక్కను గోటి మీద వేసుకుని చూడందే చెంబు లోపలికి తీసుకెళ్ళేది కాదు. కందిపప్పును నీళ్ళలో వేసి రంగు దిగుతుందేమో చూసేది. చుట్టాలెవరైనా పొగిడితే ఎందుకు పొగిడారా అని రాత్రంతా ఆలోచించేది. జగ్గయ్యపేటలో మా అమ్మను మోసం చేయగల వ్యాపారి లేడని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

మాది పత్తి పండించే ఇల్లు. ఎనభైల మొదట్లో మా వైపు పత్తి పెరిగింది, దాని వెనకే కల్తీ పురుగుమందూ పెరిగింది. అందుకని ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త డబ్బా రాగానే నాన్న చేలోంచి పురుగులున్న ఆకులు తెచ్చి, వాటి మీద కాస్త మందు చల్లి, దొడ్లో గంప బోర్లించేవాడు. పొద్దున్నే గంప ఎత్తి చూడడం అమ్మ పని. పురుగులు చస్తే డబ్బా చేలోకి వెళ్ళేది, కదులుతుంటే కొట్టుకి తిరిగి వెళ్ళేది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా అమ్మకు అక్కర్లేదు.

నాకు నందిగామ కాలేజీలో ఇంటర్ బైపీసీ సీటు వచ్చింది. రోజూ బస్సులో నిలబడి వెళ్ళొచ్చేదాన్ని. మా మాస్టారు కణం పాఠం చెబుతూ బోర్డు మీద రెండు బొమ్మలు వేశారు. మొదటిది కేంద్రకపూర్వ కణం, అంటే బాక్టీరియాది. బయట గట్టి కవచం, లోపల జన్యుపదార్థం ఏ పొరా లేకుండా పడి ఉంటుంది. రెండోది నిజకేంద్రక కణం. మనిషిదీ చెట్టుదీ చీమదీ అదే రకం. అందులో పొర చుట్టుకున్న కేంద్రకం ఉంటుంది, శక్తి పుట్టించే మైటోకాండ్రియా ఉంటాయి, ఇంకా ఎవరి పని వాళ్ళదన్నట్టు బోలెడు భాగాలుంటాయి. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు రెండింట్లోనూ ఉంటాయట. బాక్టీరియావి చిన్నవి, మనవి పెద్దవి. టైఫాయిడ్‌కి వాడే మందులాంటివి కొన్ని ఆ చిన్న రకాన్ని మాత్రమే పట్టుకుని పనిచేయకుండా చేస్తాయని కూడా చెప్పారు.

నేను నమ్మలేదు. కంటికే ఆనని దాంట్లో ఇంత సంసారమా? ఈయన చూసి చెబుతున్నారా, ఎవరో వేసిన బొమ్మను మాకు అంటగడుతున్నారా? ల్యాబులో అగ్గిపుల్లతో బుగ్గ లోపల గీకి, గాజుపలక మీద పూసి, నీలిరంగు చుక్క వేసి చూపించారు. నా కణం మధ్యలో ముదురు చుక్క కనిపించింది. అదే కేంద్రకం అన్నారు, సరే అనుకున్నాను. పెరుగు చుక్కలో మాత్రం నలకల్లాంటివి తప్ప ఏమీ కనిపించలేదు. అవే బాక్టీరియా అన్నారు.

"దుమ్ము కాదని గ్యారంటీ ఏంటండీ?" అని అడిగాను.

క్లాసంతా నవ్వింది, మాస్టారు నవ్వలేదు. "ఈ మైక్రోస్కోపులో నాకూ ఇంతకన్నా కనపడదమ్మా. మిగతాది పెద్ద మైక్రోస్కోపుల్లో చూసినోళ్ళు చెప్పిందే," అన్నారు. ఆయన మీద మొదటిసారి కాస్త గురి కుదిరింది.

ఆ వానాకాలంలో అమ్మకు జ్వరం పట్టుకుంది. పేటలోనే ఉన్న డాక్టరు రక్తం పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు. ఒంట్లో క్రిములు చేరాయని, వాటిని చంపే మందని చెప్పి గొట్టం మాత్రలిచ్చారు. మధ్యలో మానితే పేగుకు చిల్లుపడి ప్రాణం మీదికి రావచ్చని నాన్నను పక్కకు పిలిచి హెచ్చరించారు. వేళకు వేసుకున్నావా అని నేనడిగితే అమ్మ వెంటనే "వేసుకున్నా" అనేది. అయినా జ్వరం దిగలేదు. బెజవాడ తీసుకెళ్దామా అని నాన్న కంగారు పడుతున్నాడు. నా అనుమానం వేరు. దేన్నీ ఒక పట్టాన ఒప్పుకోని మనిషి ఇంత తేలిగ్గా అవునంటోందంటే ఏదో ఉంది. అమ్మ నిద్రపోతుంటే ఇల్లంతా వెతికాను. చివరికి దొడ్లోకెళ్ళి గంప ఎత్తాను.

కింద ఒక ఆకు, దాని మీద తెల్లపొడి కలిపిన బెల్లం ముద్ద, పక్కన విప్పేసిన మాత్ర గొట్టాలు. చీమలు బారులు తీరి బెల్లం మోసుకుపోతున్నాయి.

గొట్టాలు తీసుకెళ్ళి మంచం మీద పెట్టాను. అమ్మ ఏమాత్రం తొణకలేదు. "క్రిముల్ని చంపే మందన్నాడుగా. చంపేదైతే నన్ను మాత్రం వదులుద్దా? అందుకని చీమలకి పెట్టి చూసా. ఒక్కటన్నా చావలా. చీమే చావని మందుకి జ్వరమేం పోద్ది? కల్తీ సరుకు."

"మరి చీమలు చస్తే?"

"చస్తే అసలే మింగను."

చస్తే విషం, చావకపోతే కల్తీ! మా ఇంట్లో ఆ మాత్ర గెలిచే దారే లేదు. నాకు ఒళ్ళు మండింది, అంతకన్నా ఎక్కువగా భయమేసింది. మంచం పక్కన కూర్చుని మాస్టారు చెప్పిందంతా చెప్పాను. చీమ కణమూ మన కణమూ ఒకే రకమనీ, జ్వరం తెచ్చే క్రిమిది వేరే రకమనీ, ఈ మందు దాని రైబోసోముల్నే పట్టుకుంటుందనీ, అందుకే చీమలు చావలేదనీ.

"అయితే నాకు ఏ చెరుపూ చెయ్యదంటావ్?"

"ఏమీ చెయ్యదమ్మా."

"పోయినేడు కల్తీ డబ్బా అంటగట్టబోయినోడూ ఇట్టాగే అన్నాడు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంకేదైనా గట్టి ఆధారం దొరుకుతుందేమోనని పుస్తకం తీశాను. దొరికింది గానీ నా మాటకే అడ్డం తిరిగేది దొరికింది. మన కణంలోని మైటోకాండ్రియాకు సొంత రైబోసోములుంటాయట. అవి బాక్టీరియా వాటిని పోలినవేనట. అంటే ఆ మందు వాటినీ పట్టుకోవచ్చు. అమ్మ అనుమానం వట్టిది కాదేమో.

మర్నాడు నందిగామలో మాస్టారిని అడిగాను. "నిజమేనమ్మా. అరుదుగా కొందరికి ఈ మందుతో రక్తం తయారవడం దెబ్బతింటది. అందుకే రక్తం చూసుకుంటా వాడాలి. కానీ టైఫాయిడ్‌ని వదిలేస్తే దానికన్నా ప్రమాదం," అన్నారు. తిరిగొస్తూ డాక్టరు దగ్గర ఆగాను. ఆయనా అదే చెప్పి, రక్తపరీక్షలు తను చూసుకుంటానన్నారు.

అక్కణ్ణుంచి ఇంటికి నడుస్తున్నంత సేపూ ఒకటే గుంజాటన. ఈ మాట చెబితే ఇంక జన్మలో మాత్ర ముట్టదు. దాస్తే నా మొహం చూసే పట్టేస్తుంది. గుమ్మం దాటగానే అమ్మ తల తిప్పి చూసింది, నా నోరు ఆగలేదు.

"నీ అనుమానం కొంత నిజమేనమ్మా. ఇది రక్తాన్ని పాడుచెయ్యొచ్చంట. ఎక్కడో ఒకళ్ళకి. డాక్టరుగారు రక్తం చూస్తానన్నారు. మింగకపోతే మాత్రం పేగు చిల్లుపడుద్ది. నాకు రెండూ భయంగానే ఉన్నాయి."

అమ్మ మోచేతుల మీద లేచి కూర్చుంది. జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళతో నన్ను చూసింది.

"ఇప్పుడు చెప్పావు నిజం," అంది. "ఏమీ కాదు, ఏమీ కాదంటే ఎట్టా మింగేదే? ఇటియ్యి."

నీళ్ళు పోసి మాత్ర ఇచ్చాను. గుటక వేసింది. నాకు నమ్మకం కలగలేదు. నోరు తెరవమన్నాను, తెరిచింది. నాలుక పైకెత్తమంటే చిన్నపిల్లలా ఎత్తింది. అక్కడేమీ లేదు. మాత్ర నిజంగానే లోపలికి వెళ్ళిపోయింది. మంచం పట్టె మీద తల ఆనించి భోరున ఏడ్చేశాను.