కోటుతో చేసిన స్నానం

మా పెడన అద్దకాలవాళ్లలో ఒకణ్ణి ఇటలీ పంపించి, పట్టు మీద అద్దకం నేర్పించాలని అరవైల్లో ప్రభుత్వంవారికి తోచింది. కాస్త ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను పంపించారు. తీరా వెళ్లాక తెలిసింది, ఆ ఊళ్లో ఇంగ్లీషు ఎవరికీ రాదు.

ఊరి పేరు కోమో. కోటగోడ, పెద్ద చర్చి, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిన రాతి సందులు. వందల ఏళ్ల నాటివని ఎక్కడెక్కడివాళ్లో చూడ్డానికి వస్తారు. మా పంచాయతీవారైతే కూలగొట్టమని ఎప్పుడో నోటీసు ఇచ్చేవారు. కొండల మధ్య సరస్సు. ఒడ్డున పెద్దమనుషులు బెంచీల మీద కూర్చుని నీళ్లకేసి చూస్తుంటారు. ఎవరూ దిగరు. ఒక్క బిందె కూడా ముంచుకోరు.

రెండో నెలలో తమ్ముడి టెలిగ్రాం వచ్చింది. అమ్మ పోయింది, దహనం అయిపోయింది, నేను బయల్దేరి ప్రయోజనం లేదు. నేను పెద్దకొడుకుని. నా చేతుల మీదుగా జరగాల్సినవి నేను లేకుండానే జరిగిపోయాయి. నాకు మిగిలింది ఒక్కటే, చావుకబురు విన్నవాడు కట్టుబట్టలతో మూడు మునకలు వేసి చేసే స్నానం. అదైనా సరిగ్గా చెయ్యాలనుకున్నాను. బస చేసిన ఇంట్లో స్నానం శనివారాలే. ఆ రోజు మంగళవారం.

కట్టుబట్టలంటే బందరులో కుట్టించిన ఉన్ని కోటు, టై. సరస్సు మెట్లు దిగి, బూట్లు మాత్రం విప్పి, ఒక మునక వేశాను. ఒళ్లంతా జివ్వుమంది. రెండోది వేద్దామని ఒకడుగు ముందుకు వేశాను. కొల్లేరు చూసినవాణ్ణి, సరస్సంటే నా లెక్కలో నడుంలోతు. అక్కడ కాలికింద నేల లేదు. ఈత నాకు వచ్చు గానీ కోటుకి రాదు.

పక్కన పడవలో ఉన్న ముసలాయన కాలరు పట్టి లాగి నన్ను మెట్ల మీద పడేశాడు. బెంచీలవాళ్లందరూ పరిగెత్తుకొచ్చారు. చావబోయాననుకున్నారని మొహాలే చెబుతున్నాయి. ఒకావిడ బిస్కట్టు ఇచ్చింది. మునిగిపోవడం మునక కిందకి వస్తుందో రాదో చెప్పేవాళ్లు అక్కడ లేరు. రాదనుకుని మళ్లీ నీళ్లకేసి తిరిగాను. నలుగురు పట్టుకున్నారు.

"ఇంకా రెండున్నాయండీ, వదలండి!" అని తెలుగులో మొత్తుకున్నాను. పట్టు ఇంకా బిగించారు.

అప్పటిదాకా నేను ఏడవలేదు. అప్పుడు ఆగలేదు. "అమ్మా, అమ్మా" అంటూ అందరి ముందూ ఏడ్చేశాను.

ముసలాయన నాకేసి వంగాడు. "మమ్మా?" అన్నాడు. తలూపాను. వేలు పైకి చూపించాడు. మళ్లీ తలూపాను.

ఆయన టోపీ తీసి మెట్టు మీద పెట్టాడు. మిగిలినవాళ్లతో ఏదో అన్నాడు, వదిలేశారు. నా మోచెయ్యి పట్టుకుని, బూట్లతోనే మోకాలిలోతు దిగి, కానివ్వమన్నట్టు చూశాడు.

రెండు మునకలూ వేశాను. అమ్మ పోయాక ఆమె కోసం నేను చేసింది అదొక్కటే. అదీ ఇంకొకరు పట్టుకుంటే చేశాను.